గొంతే ఆయుధం: పీక్ డిస్ట్రిక్ట్‌లో మ్యూజికల్ లార్ప్, రోజువారీగా

లార్ప్ అంటే లైవ్ యాక్షన్ రోల్‌ప్లే, పాత్రలు వేసుకుని ఆడే ఆట. ఇంగ్లండ్‌లో వారాంతపు లార్ప్ శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం మధ్యాహ్నానికి ముగుస్తుంది. యాభై అరవై మంది ఒకే ఇంట్లో మకాం వేసి, ఎవరికిచ్చిన పాత్రలో వాళ్లు తిరుగుతారు. తినడం, తగాదా పడడం, కుట్రలు పన్నడం, ప్రేమలో పడడం అన్నీ ఆ పాత్రగానే. రాసిపెట్టిన సంభాషణలు ఉండవు, విడిగా ప్రేక్షకులూ ఉండరు. ఆ దేశంలో ఈ ఆటకు తొలి స్థావరం చెషైర్‌లోని పెక్‌ఫర్టన్ కోట. 1982లో ‘ట్రెజర్ ట్రాప్’ వాళ్లు అక్కడ కత్తులతో, రాక్షస వేషాలతో ఆడించారు. కత్తులు లేకుండా మాటల మీదే నడిచే శాఖను అక్కడ ఫ్రీఫామ్ అంటారు. స్టేజీ మ్యూజికల్స్, అంటే పాటలతో కథ నడిపే నాటకాలు ఇతివృత్తంగా ఉండే ఆటలు ఈ శాఖలోకే వస్తాయి.

వీటిని హోటళ్లలోనో, మొత్తంగా అద్దెకు తీసుకున్న యూత్ హాస్టళ్లలోనో పెడతారు. ఇక్కడ దారి, బస వివరాలకు డార్బీషైర్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌ను, కాసిల్టన్ దగ్గరి హాస్టల్‌ను ఉదాహరణగా తీసుకున్నాం. కథాస్థలంగా ఇలాంటి ఆటకు బాగా కుదిరే 1950ల అమెరికా నాటకరంగాన్ని తీసుకున్నాం. ఆ రోజుల్లో కొత్త మ్యూజికల్‌ను నేరుగా న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేకి తెచ్చేవారు కాదు. న్యూ హేవెన్, బోస్టన్, ఫిలడెల్ఫియాల్లో ఆడి చూసి, రాత్రికి రాత్రి పాటలు కోసేసి, కొత్తవి రాసి, అప్పుడు న్యూయార్క్ చేర్చేవారు. 1943లో న్యూ హేవెన్‌లో ‘అవే వుయ్ గో’ పేరుతో ఆడిన నాటకం బ్రాడ్‌వేలో ‘ఓక్లహోమా’గా తెర లేపింది. తెర లేవడానికి రెండు రోజులే ఉందంటే నిర్మాత, డబ్బు పెట్టినవాళ్లు, స్వరకర్త, హీరోయిన్, ఆమె జబ్బు పడితే ఎక్కాల్సిన అండర్‌స్టడీ అందరికీ ఏదో ఒక తొందర ఉంటుంది. ఆటకు కావలసింది ఆ తొందరే.

గురువారం: సంచి సర్దుకునే రోజు

పాత్ర వివరాలు అప్పటికే చేతికి వచ్చి ఉంటాయి. మొదట కాస్టింగ్ ఫారం నింపుతారు. ప్రేమకథ కావాలా, రాజకీయమా, ఏ విషయాలు అసలు వద్దు, పాడగలరా, నలుగురిలో పాడడం ఇష్టమేనా అని అందులో అడుగుతారు. “పాడగలను”, “పాడడం ఇష్టం” అన్నవి వేరు వేరు ప్రశ్నలు. రెంటికీ నిజమే రాయండి. మొహమాటంతో “ఏదైనా ఫర్వాలేదు” అని రాస్తే ప్రధాన గాయని పాత్ర తెచ్చి మీ నెత్తిన పెడతారు.

పాత్ర కాగితాలు ఎనిమిది పది పేజీలు ఉండొచ్చు. కంఠతా పట్టనక్కర్లేదు. జేబులో పట్టే చిన్న పుస్తకంలో నాలుగు రాసుకుంటే చాలు: నాకేం కావాలి, నేనేం దాస్తున్నాను, శుక్రవారం రాత్రే కలవాల్సిన ముగ్గురు, నాకు పడని ఒక్కరు. మొదటి వాక్యమే మీ పాట. మ్యూజికల్స్‌లో నాటకం మొదలైన కాసేపటికే ముఖ్యపాత్ర తన కోరికను పాటగా బయటపెడుతుంది. ఆటకు ఒకే ఒక పాట సిద్ధం చేసుకుని వెళ్లగలిగితే అది ఇదే కావాలి. కోరిక నలుగురి చెవిన పడితేనే దాన్ని తీర్చేవాళ్లూ, అడ్డుకునేవాళ్లూ మీ దగ్గరికి వస్తారు. మనసులోనే దాచుకుని తిరిగే పాత్రకు వారాంతమంతా చేసే పనేమీ ఉండదు.

పాట కొలత ఆ కాలపు బ్రాడ్‌వే పద్ధతిలోనే పెట్టుకోండి: 32 బార్లు. బారు అంటే తాళంలో ఒక ఆవృతం. ఒక వరస 8 బార్లు, అదే వరస మళ్లీ 8, వేరే వరస 8, చివర మొదటి వరస 8. నాలుగు దెబ్బల తాళంలో నిమిషానికి 120 దెబ్బల నడక పెడితే 128 దెబ్బలు, అంటే 64 సెకన్లు. అంతకు రెట్టింపు దాటితే ఎదుటివాళ్లు పాత్రలు వదిలేసి కచేరీ వింటున్నట్టు నిలబడిపోతారు. కొత్త బాణీ కట్టే పని పెట్టుకోవద్దు, అందరికీ తెలిసిన బాణీకి మాటలు కట్టండి. హక్కుల గొడవ లేకుండా ఉండాలంటే ఇంగ్లిష్ స్వరకర్త ఆర్థర్ సలివన్ బాణీలు మంచివి. ఆయన 1900లో పోయారు కాబట్టి ఆ సంగీతం ఎప్పుడో అందరిదీ అయింది. ఆయన ఆపెరాల్లోని గడగడా చదివే పాటలు దండకం నోటికి వచ్చినవాళ్లకు ఇట్టే పట్టుబడతాయి.

ఆట ఇంగ్లీషులో నడుస్తుంది. అయినా మీ పాత్రకు భారతదేశంతో చుట్టరికం ఉంటే ఒక చరణం తెలుగులో పెట్టడానికి ఎవరూ అడ్డు చెప్పరు. పల్లవి మాత్రం ఇంగ్లీషులోనే ఉంచండి, లేకపోతే వినేవాళ్లు కథ అందుకోలేరు. తెలుగు మాటలు ఆ బాణీల్లో కూర్చేటప్పుడు సాగే స్వరం కింద గురువు పడాలి. లఘువు పడితే మాట అక్కడ విరిగిపోతుంది. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి చివరి స్వరాన్ని ఎంతసేపైనా నిలపొచ్చు. పద్యనాటకం చూసి పెరిగినవాళ్లకు ఈ ఆటలో ఉన్న అనుకూలం అదే. మాటల మధ్యలో ఉన్నట్టుండి పద్యం ఎత్తుకోవడం, రాగం తీస్తూ అవతలివాడి కళ్లలోకి చూడడం మనకు వింత కాదు. 1885 నుంచీ సురభి వాళ్లు చేస్తున్నది అదే కదా. ఒక్క అలవాటు మాత్రం ఇంట్లో వదిలి రావాలి: “వన్స్ మోర్” అనిపించుకోవాలని రాగం పొడిగించడం.

సంచిలోకి మూడు జతల వేషం: పగలు వేసుకునేది ఒకటి, రిహార్సల్‌కు వదులుగా ఉండేది ఒకటి, శనివారం రాత్రికి దర్జా అయినది ఒకటి. మగవాళ్లకు నడుం పైకి కట్టే వదులు ప్యాంటు, భుజాల పట్టీలు, టై, ఫెడోరా టోపీ ఉంటే ఆ కాలం వచ్చేస్తుంది. ఆడవాళ్లకు మోకాలి కిందికి దిగే ఘేరా స్కర్టు, లోపల పెటీకోటు. ఇంగ్లండ్‌లో ఊరూరా ఉండే చారిటీ షాపుల్లో ఇవి చవకగా దొరుకుతాయి. డబ్బు పెట్టాల్సింది బూట్ల మీద. రోజుకు పద్నాలుగు గంటలు నిలబడి తిరిగే ఆట ఇది, కొత్త బూట్లు శనివారం మధ్యాహ్నానికే మడమలు కోసేస్తాయి. చొక్కాలు రెండు అదనంగా పెట్టుకోండి, ఉన్ని సూటు వేసుకుని హీటర్ ఉన్న గదిలో పాడితే తడిసి ముద్దవుతారు.

ఇంకా కావలసినవి: లీటరు నీళ్ల సీసా, సేఫ్టీ పిన్నులు, చిన్న బ్లూటూత్ స్పీకర్, దాని ఛార్జర్. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లు అక్కడి మూడు చదును పిన్నుల ప్లగ్గు మరవకూడదు. పాట సంగీతం ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకునే బయల్దేరండి. కొండల మధ్య సిగ్నల్ సరిగా అందదు, ఇంటర్నెట్‌లో వినిపించే పాట రెండో చరణంలో ఆగిపోతే ఆ సన్నివేశాన్ని ఎవరూ లేపలేరు. కరోకే ట్రాకుల ముందు ఇరవై సెకన్ల వాయిద్యం ఉంటే కత్తిరించేయండి.

శుక్రవారం: దారి, వర్క్‌షాపు, మొదటి గంట

లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి షెఫీల్డ్‌కు రైలు సుమారు రెండు గంటలు. అక్కడ మాంచెస్టర్ వైపు వెళ్లే హోప్ వ్యాలీ లైనులో, అన్ని స్టేషన్లలో ఆగే రైలెక్కితే అరగంటలో హోప్ స్టేషన్. కాసిల్టన్ ఊరు అక్కడికి సుమారు మూడు కిలోమీటర్లు, హాస్టల్‌గా మారిన లోజ్‌హిల్ హాల్ ఆ చుట్టుపక్కలే. షెఫీల్డ్ నుంచి కాసిల్టన్‌కు 272 నంబరు బస్సు కూడా ఉంది. సూట్‌కేసు, టోపీ పెట్టెతో రాత్రిపూట రోడ్డు పక్కన నడవడం మంచిది కాదు. వెలుగుండగానే చేరేలా బయల్దేరండి, లేదా కారులో వచ్చే తోటి ఆటగాళ్లను ముందే అడిగి పెట్టుకోండి.

గది బంకు మంచాలది. గురక పెట్టేవాళ్ల గదులు, పెట్టనివాళ్ల గదులు అని నిర్వాహకులు విడదీస్తే అందులో నిజం చెప్పండి. నిద్ర చెడితే గొంతు చెడుతుంది. తిండి విషయం ముందే ఫారంలో రాసి ఉంటారు, అయినా వంటింటి వాళ్లను కలిసి ఇంకోసారి చెప్పడం మేలు. అక్కడ “వెజిటేరియన్” అంటే గుడ్డు కూడా వస్తుంది. గుడ్డు తిననివాళ్లు ఆ మాట విడిగా చెప్పాలి.

సాయంత్రం వర్క్‌షాపు. అలసిపోయామని దీన్ని ఎగ్గొట్టేవాళ్లుంటారు, అంతకన్నా పెద్ద నష్టం ఈ ఆటలో లేదు. భద్రతా సంకేతాలు నేర్పేది ఇప్పుడే. నార్డిక్ దేశాల లార్పుల నుంచి వచ్చిన రెండు మాటలు ఇప్పుడు చాలా చోట్ల వాడుతున్నారు. “కట్” అంటే అందరూ ఉన్నచోటే ఆపేయాలి. “బ్రేక్” అంటే సన్నివేశం సాగనివ్వొచ్చు కానీ తీవ్రత తగ్గించాలి. ఏడుస్తున్న మనిషి పాత్రగా ఏడుస్తున్నదా, నిజంగానా అని తెలియకపోతే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపిస్తారు. వాళ్లు బొటనవేలు పైకెత్తితే సరే. అడ్డంగానో కిందికో తిప్పితే పక్కకు తీసుకెళ్లాలి. కంటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుని గది దాటేవాళ్లు ఆ సన్నివేశంలో లేనట్టే, ఎందుకు వెళ్లారని అడగకూడదు. సంగీతం మోగుతున్నప్పుడు “కట్” అని అరిచినా వినపడదు కాబట్టి దానికి చేతిసైగ ఏమిటో కనుక్కోండి. 1950ల కథల్లో కమ్యూనిస్టు అనుమానం మీద తోటివాళ్ల పేర్లు చెప్పించే విచారణలు రావచ్చు. 1953లో నృత్యదర్శకుడు జెరోమ్ రాబిన్స్ అలాంటి కమిటీ ముందు పేర్లు చెప్పాడు. ఆట అక్కడిదాకా వెళ్తే ఈ సంకేతాలు నిజంగానే అవసరపడతాయి.

తర్వాత పాటల నియమాలు. మ్యూజికల్ లార్పుకు ఆయువుపట్టు ఇక్కడుంది, కొంచెం ఓపిగ్గా తెలుసుకోవాలి. పాటలు రెండు రకాలు. రిహార్సల్లో పాడే పాటను కథలోని మనుషులందరూ వింటారు, బాగా పాడలేదని తిట్టొచ్చు, పాట కోసేయొచ్చు. రెండోది మనసు పాట. మెట్ల మీద కూర్చున్న అండర్‌స్టడీ ఉన్నట్టుండి తన ఆశను పాడుతుంది. ఆమె పాడిందని కథలోవాళ్లకు తెలుసా? ఆ పాటలో “హీరోయిన్‌కు జబ్బు చేసే మాత్ర నేనే కలిపాను” అంటే పక్కనున్న డిటెక్టివ్ అరెస్టు చేయొచ్చా? ఈ నియమం ఒక్కో ఆటకు ఒక్కోలా ఉంటుంది. భావం అందరికీ తాకుతుంది కానీ సమాచారం మాత్రం ఎవరికీ తెలియదు అన్న పద్ధతి మాకు అన్నిటికన్నా బాగా పనిచేస్తుందనిపిస్తుంది. అలాగైతే డిటెక్టివ్‌కు నేరం తెలియదు, ఆ అమ్మాయి మీద జాలి మాత్రం పుడుతుంది, సాయంత్రం ఆమెతో మెత్తగా మాట్లాడతాడు. నిర్వాహకులు ఈ విషయం చెప్పకుండా దాటేస్తే చెయ్యెత్తి అడగండి, లేకపోతే శనివారం మధ్యాహ్నం కచ్చితంగా తగవు వస్తుంది.

చివర పేరు బ్యాడ్జీలు, సీలు వేసిన కవర్లు పంచుతారు. కవరు పైన “ఎవరైనా నీకు నీలి ఉంగరం చూపిస్తే తెరువు” లాంటి షరతు రాసి ఉంటుంది, లోపల మీ పాత్రకు అప్పుడే గుర్తొచ్చే సంగతి. చాలామంది వీటిని గదిలోనే వదిలేస్తారు. ఉంగరం కళ్లముందు మెరిసినా గుర్తురాదు, ఇంకో ముగ్గురి కథ అక్కడే తెగిపోతుంది. కవర్లు కోటు లోపలి జేబులో పెట్టుకుని, బ్యాడ్జీ వెనక “నీలి ఉంగరం” అని రెండు మాటలు రాసుకోండి.

రాత్రి ఆట మొదలయ్యాక మొదటి గంటలో, జేబు పుస్తకంలో రాసుకున్న ఆ ముగ్గురినీ కలిసేయండి. పార్టీ గోలలో అరిచి మాట్లాడకండి. ఈ వారాంతంలో గొంతులు పోయేది పాటల వల్ల కాదు, శుక్రవారం రాత్రి బార్ గోల మీద గొంతు పెంచి మాట్లాడడం వల్ల.

శనివారం: అసలు రోజు

పొద్దున్నే పది నిమిషాలు గొంతు సవరించుకోండి. పెదవులు కలిపి బుర్రుమనిపిస్తూ కింది స్వరం నుంచి పైకి, మళ్లీ కిందికి; తర్వాత నోరు మూసి హమ్మింగ్; చివరగా మీ పల్లవి సగం గొంతుతో. రోజంతా గుక్క గుక్కగా నీళ్లు. గొంతు బొంగురుపోతే గుసగుసలాడకండి, గుసగుస గొంతును ఇంకా శ్రమ పెడుతుంది. నెమ్మదిగా, తగ్గు శ్రుతిలో మామూలుగానే మాట్లాడండి.

అల్పాహారం తర్వాత మధ్యాహ్న భోజనం దాకా ఆట ఎలా సాగాలన్నది ఆటగాళ్ల చేతుల్లోనే ఉంటుంది. కోరిక పాటకు ఇదే అదను. సాయంత్రం పెద్ద హాల్లో అందరిముందు పాడదామని దాచుకోవడం అందరూ చేసే పొరపాటు. యాభై మంది తలా మూడు నిమిషాలు పాడితే రెండున్నర గంటలు అవుతుంది, అంతసేపూ మిగతా 49 మంది ప్రేక్షకులే. ముగ్గురు నలుగురి మధ్య, వరండాలో, మెట్ల మీద పాడే పాటే కథను కదుపుతుంది.

అలాంటి పాట ఎలా నడుస్తుందో దగ్గరగా చూద్దాం. స్వరకర్త పాత్ర మెట్ల మలుపులో నిలబడి ఉంది. ఆయన పాట కోసేశామని నిర్మాత అప్పుడే చెప్పి వెళ్లాడు. పక్కన హీరోయిన్, కోరస్ అమ్మాయి ఒకరు. స్వరకర్త చెయ్యి గుండెమీద పెట్టుకుంటాడు, మనసు పాటకు ఆ ఆటలో అదే గుర్తు. జేబులోంచి అరచేతి అంత కార్డులు తీసి ఇద్దరికీ ఇస్తాడు. కార్డు మీద నాలుగే లైన్లు, పెద్ద అక్షరాలు, పల్లవి మాత్రమే. స్పీకర్ కాసేపు మోగుతుంది, ఎనిమిది బార్లు ఒంటరిగా పాడతాడు. రెండో ఎనిమిది బార్లకు కోరస్ అమ్మాయి పల్లవి అందుకుంటుంది. మూడో భాగంలో ఆయన కావాలనే నోరు మూస్తాడు. అక్కడ మాటలు రాయలేదు, ట్రాక్ మాత్రం సాగుతోంది. ఆ ఖాళీలో హీరోయిన్ మామూలు మాటల్లోనే అంటుంది: “ఆ పాట కోసెయ్యమన్నది నేనే.” చివరి ఎనిమిది బార్లు ఇక వేరే అర్థంతో పాడాల్సిందే. మొత్తం నిమిషంన్నర.

ఇందులో పనిచేసినవి మూడు: అప్పటికప్పుడు ఇచ్చిన కార్డు, అందరికీ అందే పల్లవి, ఖాళీగా వదిలిన భాగం. కార్డులు పది తీసుకెళ్లండి. పల్లవి ఒక స్థాయికి మించి పాకకూడదు, పాకితే సగం మంది నోరు విప్పరు. ట్రాకు అసలు గాయకుల శ్రుతిలో ఉంటుంది. ఉదయం లేచిన గొంతు దానికన్నా రెండు మూడు మెట్లు కిందే ఉంటుంది కాబట్టి ముందే శ్రుతి తగ్గించి పెట్టుకోండి. స్పీకర్ మీ వెనక కాదు, ముందు పెట్టాలి, మీకు తాళం వినపడాలి కదా.

పాడలేనివాళ్లు తాళంలో మాట్లాడితే చాలు. 1956లో ‘మై ఫెయిర్ లేడీ’ మ్యూజికల్‌లో నటుడు రెక్స్ హారిసన్ చేసింది అదే, ఆయన గొంతుకు తగ్గట్టే ఆ పాటలు కట్టారు. మాట స్పష్టంగా, దెబ్బ మీద పడితే శ్రుతి లేని లోటు తెలియదు.

భోజనాలు కూడా పాత్రలోనే. పళ్లెం ముందు కూర్చున్న మనిషి పారిపోలేడు, కాబట్టి బేరాలకు ఇదే మంచి సమయం. సాయంత్రం నాలుగు, అయిదు మధ్య జోరు తగ్గుతుంది. చేయడానికి ఏమీ లేదనిపిస్తే నిర్వాహకుల గదికి వెళ్లి ఆ మాటే చెప్పండి, అలాంటివాళ్ల కోసం వాళ్ల దగ్గర టెలిగ్రాములూ కొత్త పాత్రలూ సిద్ధంగా ఉంటాయి. లేదా అరగంట పడుకోండి. అప్పుడు నిద్రపోయినవాళ్లే రాత్రి బాగా ఆడతారు.

రాత్రి భోజనం తర్వాత పెద్ద ప్రదర్శన. రిహార్సల్ అయిన రెండు మూడు గుంపు పాటలు, మధ్యలో బయటపడే రహస్యాలు. ఆ రోజుల్లో బ్రాడ్‌వేలో రాత్రి 8:30కు తెర లేచేది. అందుకే కథ ముగియబోయే ముందు హాలంతా దద్దరిల్లేలా వచ్చే పాటను పదకొండు గంటల పాట అనేవారు. ఆటలో దాన్ని ఎవరికి వదలాలన్నది మర్యాదకు సంబంధించిన విషయం. రోజంతా ఎవరి కథ ఎక్కువ బిగుసుకుందో వాళ్లకు వదలాలి, బాగా పాడే గొంతుకు కాదు. గొంతు బాగున్నవాళ్లు వెనక నిలబడి శ్రుతి పట్టుకుంటే, వణుకుతూ పాడే మనిషి వెనక హార్మోనియం ఉన్నట్టే.

ఆదివారం: ముడులు విప్పడం

ఉదయం రెండు గంటలే మిగులుతాయి. కొత్త కుట్ర మొదలుపెట్టొద్దు, ఉన్నవి తేల్చండి. శనివారం పొద్దున పాడిన కోరిక పాట వరసే వేరే మాటలతో మళ్లీ పాడడానికి ఇదే చోటు. అప్పుడు “కావాలి” అన్నచోట ఇప్పుడు “వద్దు” అనో “దొరికింది” అనో మార్చితే చాలు, కొత్త పాట రాయక్కర్లేదు.

ఆట ఆగాక నిర్వాహకులు ఏం జరిగిందో వరసగా చెప్తారు, ఎవరి రహస్యం ఏమిటో అప్పుడు తెలుస్తుంది. చప్పట్లయ్యాక వేషం విప్పి, మీతో పోట్లాడిన పాత్ర వేసినవాళ్లను అసలు పేరుతో పిలిచి మాట్లాడండి. రెండు రోజులు ద్వేషం నటించిన మనిషి మీద కొంత చేదు మిగిలిపోవడం, ప్రేమ నటించినవాళ్ల మీద బెంగ కలగడం మామూలే. దీన్ని బ్లీడ్ అంటారు. పదిమంది చొప్పున కూర్చుని మాట్లాడుకునే డీబ్రీఫ్ ఉంటే రైలు కోసం దాన్ని వదులుకోకండి, తర్వాతి రైలుకే టికెట్ తీసుకోండి. ఆదివారం ఆ లైనులో వేళలు మిగతా రోజుల్లా ఉండవు, ఇంట్లోనే చూసి రాసుకుని రండి.

ఒక రోజు సెలవు దొరికితే కాసిల్టన్‌లోనే ఆగి, 517 మీటర్ల మామ్ టోర్ ఎక్కొచ్చు, ఊరి చుట్టూ ఉన్న గుహల్లో ఒకటి చూడొచ్చు. అరుపులు, పాటలు మాత్రం వద్దు.

సోమవారం

గొంతుకు విశ్రాంతి, సాయంత్రం దాకా ఫోన్ కాల్స్ తగ్గించుకోండి. సూటు గాలికి ఆరేశాక పెట్టెలో పెట్టండి. ఎవరి ఫొటో అయినా బయట పెట్టేముందు వాళ్లను అడగండి, ఉద్యోగాల్లో ఈ సంగతి తెలియనివ్వనివాళ్లు ఉంటారు. వారం దాటకుండా నిర్వాహకులకు నాలుగు మాటలు రాసి పంపండి: మనసు పాట నియమం ఎక్కడ తడబడింది, ఏ కవరు తెరుచుకోలేదు, ఏ గదిలో స్పీకర్ వినపడలేదు, ఎవరికి పాట దక్కలేదు. ఆట మళ్లీ నడిపేటప్పుడు వాళ్లు పాత్ర కాగితాలు దిద్దేది వీటిని చూసుకునే.